చికిత్సకు మూడవ పాదము

చికిత్స నాలుగు పాదములపై నిలుచునని చరకసంహిత చెప్పుచున్నది. వైద్యుడు మొదటి పాదము. ఔషధము రెండవది. ఉపస్థాత, అనగా దగ్గర నిలిచి పరిచర్య చేయువాడు, మూడవది. రోగి నాలుగవది. మంచమునకు ఒక కోడు విరిగినచో మిగిలిన మూడును ఎంత గట్టివైనను దానిపై ఎవరును నిద్రింపలేరు. చికిత్సయు అట్టిదే. వైద్యుని గూర్చి విచారింతుము, మందును గూర్చి విచారింతుము, రోగిని గూర్చి దుఃఖింతుము. మూడవ పాదమును మాత్రము మరచుచుందుము. ఈ మాసము ఆ మూడవ పాదమును గూర్చి భక్తమహాశయులతో నాలుగు మాటలు చెప్పదలచితిని.

దీనికొక కారణము కలదు. కలువాయి ప్రాంతపు గృహస్థు ఒకరు ఇటీవల నన్ను చూడవచ్చిరి. వారి కుమారుడు ఉద్యోగరీత్యా అమెరికాలో ఉన్నాడు. ఆ కుమారుని రెండవ బిడ్డకు నాలుగేండ్ల వయస్సు. విడువని జ్వరము, పాలిపోయిన ముఖము, దెబ్బ తగులకయే కాళ్ళపై కమిలిన మచ్చలు. వైద్యులు పరీక్షించి రక్తపు క్యాన్సరని నిర్ణయించి వెంటనే చికిత్స ప్రారంభించిరి. అది రెండు మూడేండ్లు సాగు చికిత్స. తల్లి ఆసుపత్రిలో, తండ్రి ఆసుపత్రికిని ఉద్యోగమునకును నడుమ, పెద్దపిల్ల ఇరుగుపొరుగు ఇండ్లలో. సంగతి తెలిసి నెల గడచినను పెద్దాయన ఊరిలో ఎవరితోను చెప్పలేదట. చెప్పినచో లోకులేమందురోయని భయము. నా యెదుట కూర్చుండి మూడు ప్రశ్నలు అడిగిరి.

"అయ్యవారూ, ఆ పసిబిడ్డ ఏం పాపం చేసింది? నేను పెంచలకోన స్వామికి మొక్కుకున్నాను. అక్కడ అంత వైద్యం జరుగుతుంటే మొక్కుతో పనేమిటని మా పెద్దల్లుడు అంటున్నాడు. పోనీ, ఇంత దూరాన ఉండి మేము చేయగలిగిందేమిటి?"

ఈ మూడు ప్రశ్నలు ఆయన యొక్కరివే కావు. బిడ్డ అమెరికాలో ఉన్నను, మన ఊరినుండి చెన్నైకో వేలూరికో ముంబయికో తీసికొనిపోబడినను, ఆ యింటిలో పుట్టు ప్రశ్నలివే. ఉదయగిరినుండియో ఆత్మకూరునుండియో బయలుదేరిన రైతు కుటుంబమునకు భాష తెలియని మహానగరమే పరదేశము. కావున అందరికిని ఉపకరించునని వానికి సమాధానము వ్రాయుచున్నాను.

మొదటి ప్రశ్న పాపమును గూర్చినది. ఎదుటివాని కర్మను చదువు అధికారము మనలో ఎవరికిని లేదు. కర్మసిద్ధాంతము పెద్దలు మన చేతికిచ్చిన అద్దము. దానిలో తన ముఖము తాను చూచుకొని దిద్దుకొనవలెను గాని, దానిని ఎదుటివాని ముఖముపై విసరరాదు. చరకసంహిత విమానస్థానములో అగ్నివేశుడు ఆయుర్దాయమును గూర్చి గురువును అడుగును. ఆయువు సమస్తమును ముందే నిర్ణయమైయున్నచో ఎవరును మందు వెదకనక్కరలేదు, మదపుటేనుగు ఎదురు వచ్చినను తొలగనక్కరలేదు. లోకమట్లు నడచుట లేదు గనుక దైవమును పురుషకారమును కలిసియే ఆయువును నడుపునని ఆత్రేయుడు సమాధానము చెప్పెను. కర్మను అంగీకరించిన ఋషియే కర్మ పేరు చెప్పి చేతులు ముడుచుకొని కూర్చుండరాదని శాసించినాడు.

మన పెంచలకోన స్వామి నరసింహుడు. ఆయన అవతరించినది ఒక పసిబిడ్డ కొరకు. ప్రహ్లాదుని కొండలపైనుండి త్రోసిరి, ఏనుగులచే త్రొక్కింపజూచిరి, విషము పెట్టిరి. ఆ బాధలు ప్రహ్లాదుని పాపఫలములని భాగవతము చెప్పలేదు. స్తంభమునుండి వెడలిన స్వామి ఆ బిడ్డ తలపై చేయి ఉంచెను గాని పూర్వజన్మల లెక్క అడుగలేదు. స్వామియే అడుగని లెక్కను ఊరి అరుగుమీద కూర్చుండి మనము అడుగుట ఏమి న్యాయము?

నేటి వైద్యశాస్త్రము చెప్పునదియు ఈ తల్లిదండ్రులకు ఊరట కలిగించునదే. పెద్దలకు పొగాకువలన వచ్చు క్యాన్సరు వంటిది కాదిది. పిల్లలకు వచ్చు క్యాన్సరులలో అధికభాగమునకు తల్లిదండ్రుల నడవడి గాని, పెట్టిన ఆహారము గాని కారణమని తేలలేదు. కొన్నింటికి మాత్రమే వంశానుగతమైన కారణమున్నది. ఇది అంటురోగము కాదు. ఆ బిడ్డతో ఆడుకొన్న పిల్లలకు రాదు. ఆ యింట మంచినీరు త్రాగినవారికి రాదు. ప్రపంచములో ఏటేట సుమారు 4 లక్షల మంది పిల్లలకు, కిశోరులకు ఈ వ్యాధి వచ్చుచున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఇంతమంది ఇండ్లలో పాపమును వెదకువాడు చివరకు తన యింటి గడప దగ్గరకే వచ్చి నిలువవలసియుండును.

రెండవ ప్రశ్న మొక్కును గూర్చినది. చరకుడు చికిత్సను మూడు తెరగులుగా విభజించెను. మంత్రజపములు, నియమములు, దైవప్రార్థన మొదలగునవి దైవవ్యపాశ్రయము. ఆహారౌషధములను యుక్తితో ప్రయోగించుట యుక్తివ్యపాశ్రయము. మనస్సును చెదరనీయక నిలుపుకొనుట సత్త్వావజయము. ఈ మూడును ఒక యింటి అన్నదమ్ములు. ఒకనిని పిలిచినంతమాత్రమున మరియొకనిని వెడలగొట్టనక్కరలేదు. అయితే మొక్కుకొంటిమి గనుక మందు మానవచ్చునని ఎవరైన చెప్పినచో ఆ మాట వినరాదు. అది భక్తి కాదు, బిడ్డకు ద్రోహము.

రామాయణములో రావణుని శక్తిచే లక్ష్మణుడు పడిపోయినప్పుడు శ్రీరాముడు సామాన్య మానవునివలె విలపించెను. సుషేణుడు పరీక్షించి ప్రాణమున్నదని ధైర్యము చెప్పి, ఓషధులకై హనుమంతుని పంపెను. ఓషధిని గుర్తింపలేక హనుమంతుడు శిఖరమునే పెకలించుకొని వచ్చెను. అవతారపురుషుని తమ్మునికి గూడ మందు దూరమునుండియే రావలసివచ్చెను. వైద్యుడు చెప్పవలసివచ్చెను. ఒకడు శ్రమపడి తేవలసివచ్చెను. కావున దూరదేశపు వైద్యమును ఆశ్రయించుట దైవముపై అపనమ్మకము కాదు.

ఈ సంజీవని కథ మన కాలమున మరల జరిగినది. ఆ కథానాయకుడు తెలుగువాడే. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. గ్రహణి వంటి వ్యాధి ఆయన సోదరులు ఇద్దరిని పొట్టనబెట్టుకొనినది. మదరాసులో వైద్యము చదివి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో బోధించి, పై చదువులకై అమెరికా పోదలచిరి. చేతిలో ధనము లేదు. మామగారు కొంత కూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయము చేయుదుమని మాట యిచ్చినది. బర్మాలో వ్యాపారముచే సంపాదించిన ధనమును ధర్మమునకు విడిచిపోయిన పుణ్యాత్ముని సంస్థ అది. సుబ్బారావుగారు బోస్టను చేరి, రాత్రివేళల ఆసుపత్రిలో సేవకపు పని చేయుచు చదివిరి. పిమ్మట లెడర్లీ పరిశోధనాలయమున వారి నాయకత్వములో ఫోలిక్ ఆమ్లమును, దానికి విరోధులైన ఔషధములను తయారుచేసిరి. అందొకటి అమినోప్టెరిన్. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్తపు క్యాన్సరు గల పిల్లలకు ఇచ్చి చూచెను. 16 మందిలో 10 మందికి వ్యాధి కొంతకాలము వెనుకంజ వేసినదని 1948 జూన్‌లో ప్రకటించెను. అంతకుమునుపు ఆ వ్యాధికి మందన్నదే లేదు. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు 53 ఏండ్ల వయస్సున దివంగతులైరి. ఆ ఔషధమునకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని ఈ పిల్లల చికిత్సలో వాడుకలో నున్నది.

మరియొక ఔషధము వింక్రిస్టిన్. అది మన పెరళ్ళలో, గుడి ఆవరణలలో పూయు బిళ్ళగన్నేరు మొక్కనుండి తీయబడినది. మడగాస్కరులో పుట్టి మన పూజకు వచ్చిన ఆ మొక్క, ప్రయోగశాలలో శుద్ధియై పసిబిడ్డ నరములోనికి మందై ప్రవేశించుచున్నది. అంతమాత్రమున ఆ ఆకు నలిపి కషాయము పోయవలెనని ఎవరును తలపవద్దు. వైద్యుడు తూచి యిచ్చినదే మందు, తక్కినది విషము. చెప్పవచ్చినదేమనగా, పరదేశపు మందులో మన తెలుగువాని తపస్సు కలదు, మన పెరటి పువ్వు జాతి కలదు. స్వామి ఏ చేతిమీదుగా పంపునో మనకేమి తెలియును?

ఇక మూడవ ప్రశ్న. దూరమున నున్నవారు చేయగలిగినదేమి? ఇచ్చటనే మూడవ పాదము వచ్చుచున్నది. ఉపస్థాతకు నాలుగు గుణములుండవలెనని చరకుడు చెప్పెను: ఉపచారము తెలిసియుండుట, దక్షత, రోగియందు అనురాగము, శౌచము. పసిబిడ్డకు ఉపస్థాతలు తల్లిదండ్రులు. రెండు మూడేండ్లు వారిని నిలబెట్టువారెవరు? బంధువులు, ఊరివారు, తోటి భక్తులు. ఉపస్థాతకు ఉపస్థాతలు మనమే. ఆ నాలుగు గుణములును మనకును ఉండవలెను.

మొదటిది తెలివిడి. సంపన్నదేశములలో ఈ వ్యాధి వచ్చిన పిల్లలలో నూటికి 80 మందికి పైగా బ్రతుకుచుండగా, పేదదేశములు అనేకమందు 30 మంది గూడ బ్రతుకుట లేదు. ఆలస్యముగా గుర్తించుట యొక కారణము. మందు దొరకకుండుట యొక కారణము. ప్రారంభించిన చికిత్సను నడుమ విడుచుట మరియొక కారణము. బిడ్డ తేరుకొన్నట్లు కనబడును, ధనము అయిపోవును, పంట కోతకు వచ్చును, ఇంటికి తిరిగివత్తురు; వ్యాధి మరల వచ్చును. తెలిసినవాడు ఒకడు ఆ యింటికి అండగా నున్నచో ఇది తప్పించవచ్చును. వారములకొలది జ్వరము, రక్తహీనత, కారణములేని కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి, ఎక్కడనైన గడ్డ, కంటిపాపలో తెల్లని మెరుపు కనబడినచో నాటుమందులతో కాలము గడపక పెద్ద ఆసుపత్రికి పంపవలెను. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషివలన 1954లో వెలసిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మన జిల్లావారికి చిరపరిచితము. తిరుపతిలో దేవస్థానమువారి స్థలమున టాటా ట్రస్టులు నిర్మించిన క్యాన్సరు ఆసుపత్రి 2022లో ప్రారంభమైనది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్యసేవ యనబడు పథకము పేదలకు ఈ చికిత్సలో తోడ్పడుచున్నది. ఆ కాగితములు వ్రాసిపెట్టుటయు, కార్యాలయమునకు తోడుపోవుటయు అన్నదానముతో సమానము.

రెండవది దక్షత. పూర్వము ఎవరైన కాశీయాత్రకు బయలుదేరినచో వారు తిరిగివచ్చు నమ్మకము తక్కువ. అయినను నిశ్చింతగా పోయిరి. ఏలయన వారి పశువులకు ప్రక్కింటివారు గడ్డి వేసిరి, పొలమునకు అన్నదమ్ములు నీరు కట్టిరి, ఇంట దీపము కోడలు వెలిగించెను. యాత్రికుని పుణ్యములో వీరికిని భాగము కలదని నమ్మిరి. బిడ్డ ప్రాణమునకై దూరము పోయిన కుటుంబమును యాత్రికులుగా చూడుడు. "మీ రెండు గేదెలను మేము చూచుకొందుము, మీ మడికి నీరు మేము కట్టుదుము, మీరు మనుమని దగ్గరకు పోయిరండు" అని ఒక్కడు అన్నచో తాతకు విమానమెక్కు ధైర్యము వచ్చును. దీనికి లక్షలు అక్కరలేదు.

మూడవది అనురాగము. దానమందు అనురాగము లేనిచో పుచ్చుకొనువాని తల వంగును. గౌరవముగా బ్రతికినవానికి చేయి చాచుట చావుతో సమానము. కావున అడుగకమునుపే ఇయ్యుడు, ఇచ్చినది నలుగురిలో చెప్పకుడు, ఫోటో తీయించుకొనకుడు, ఖర్చు లెక్క అడుగకుడు. నలువదియెనిమిది దినములు ఉపవాసముండి, లభించిన కొంచెము అన్నమును నీటిని గూడ అతిథులకిచ్చిన రంతిదేవుడు మోక్షమును కోరలేదు, ప్రాణుల దుఃఖమునందు తానుండి దానిని అనుభవింపగోరెను. అది అనురాగము.

దూరము గూడ కొన్నివేళల మేలే చేయును. అమెరికాలో అర్ధరాత్రి దాటిన వేళ మనకు పట్టపగలు. బిడ్డ వాంతులతో వేగి నిద్రించిన పిమ్మట ఆసుపత్రి గదిలో తల్లి ఒంటరిగా మేలుకొనియుండును. ఆ దేశములో ఆమె పిలువదగినవారందరును నిద్రలో నుందురు. కలువాయిలో అత్తగారు మేలుకొనియే యుందురు. ఫోనులో "అమ్మా, తిన్నావా?" అని అడుగు మాట ఆ వేళ ఔషధమే. ఏమియు తోచనిచో ఊరి వాన సంగతి, దూడ పుట్టిన సంగతి చెప్పుడు. "ఏం కాదులే" అని తేలికగా కొట్టివేయకుడు. "ఎవరికో ఇట్లే వచ్చి పోయినారు" అని కథలు చెప్పకుడు. తాతగారు దినమునకొక ప్రహ్లాద కథయో హనుమంతుని కథయో బిడ్డకు చెప్పవచ్చును. పెద్దపిల్లను మరువకుడు. తమ్మునికి జబ్బు వచ్చినదాదిగా ఆ పిల్ల ఎవరికిని కనబడుట లేదు. ఆ పిల్లతో ప్రత్యేకముగా మాటలాడుడు.

నాలుగవది శౌచము. ఈ చికిత్స వ్యాధికణములతోపాటు శరీరరక్షణ చేయు తెల్లకణములను గూడ తగ్గించును. ఆ దినములలో చిన్న జలుబు గూడ బిడ్డకు ప్రాణాపాయము కావచ్చును. కావున ఆశీర్వదింతుమని గుంపుగా పోకుడు. దగ్గు, జ్వరము ఉన్నవారు గడప దాటకుడు. తీర్థము, నిలువయున్న ప్రసాదము, పచ్చి కొబ్బరి, పూలమాల వైద్యుని అడుగక బిడ్డ దగ్గరకు చేర్పకుడు. స్వామి పేర పిల్లవాని నొసట బొట్టు పెట్టుటకు తల్లి కడిగిన చేయి చాలును. ఆచారమును మనకు శౌచముకొరకే పెట్టిరి. చేతులు కడుగకుండ తెచ్చిన ప్రసాదము ఆచారము కాదు. బిడ్డ జుట్టు రాలినచో జాలిచూపులు చూడకుడు. మన కొండమీద భక్తులందరును తల నీలాలు ఇచ్చువారే గదా! ఇక మన ప్రాంతపు బిడ్డ చెన్నైలోనో హైదరాబాదులోనో చికిత్స పొందుచున్నచో అచ్చటనున్న మన యువకులు రక్తము, ప్లేట్‌లెట్లు దానము చేయవలెను. ప్లేట్‌లెట్లు కొలదిదినములకు మించి నిలువవు గనుక ఈ దానము ఒకసారితో తీరునది కాదు.

మన పూర్వులు బాటల వెంట సత్రములు కట్టించిరి. యాత్రికుడు ఏ కులమో, ఏ ఊరో అడుగక రెండు పూటల అన్నము, పండుకొనుటకు చాప ఇచ్చిరి. నేడు ఆ సత్రములకు స్థానము ఆసుపత్రుల ముంగిట కలదు. అమెరికాలో ఫ్రెడ్ హిల్ అను క్రీడాకారుని చిన్న కుమార్తెకు రక్తపు క్యాన్సరు వచ్చినప్పుడు, ఆ దంపతులు ఆసుపత్రి కుర్చీలలో నిద్రించు తల్లిదండ్రులను చూచిరి. వైద్యురాలు ఆడ్రీ ఇవాన్స్ అట్టివారికొక ఇల్లు కావలెనని తలపోయుచుండెను. అందరును కలిసి 1974లో ఫిలడెల్ఫియాలో మొదటి రోనాల్డ్ మెక్‌డొనాల్డ్ గృహమును తెరచిరి. నేడట్టివి అనేక దేశములలో నున్నవి. డానీ థామస్ అను హాస్యనటుడు కష్టకాలమున తన ఇష్టదైవమైన ఒక పుణ్యపురుషునికి, దారి చూపినచో గుడి కట్టింతునని మొక్కుకొనెను. 1962లో మెంఫిస్ నగరమున ఆ మొక్కు పిల్లల ఆసుపత్రి రూపమున తీరినది. అచ్చట ఏ కుటుంబమునకును చికిత్స లెక్క చేతికియ్యరు. మన దేశమున ముంబయిలో 2006లో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్, చికిత్సకు వచ్చిన పేద కుటుంబములకు ఉచితముగా వసతి కల్పించుచున్నవి. దైవమునకు పెట్టిన పేరు వేరైనను మొక్కు తీర్చిన తీరు మనకు ఆదర్శము. మీరు పెంచలకోనకు మొక్కుకొనుడు. బిడ్డకు నయమైన పిమ్మట తల నీలాలతోపాటు, మరియొక బిడ్డ తల్లికి ఒక నెల గది అద్దె ఇత్తునని గూడ మొక్కుకొనుడు.

ఇచ్చినది ఏమగునో మనకు కనబడదని కొందరు సందేహింతురు. మీమాంసకులు దీనికి సమాధానము చెప్పిరి. కర్మము ఇప్పుడు ముగియును, ఫలము ఎప్పుడో వచ్చును. ఆ రెండింటి నడుమ కంటికి కనబడక నిలుచు శక్తిని వారు అపూర్వమనిరి. సోమశిలలో నిలిచిన నీరు కండలేరు చేరి, పూండి చేరి, మదరాసు నగరపు ఏ బిడ్డ గొంతు తడుపునో సోమశిలకు తెలియదు. తన ధనము ఏ రోగమునకు మందగునో సత్యలింగ నాయకరుకు తెలియదు. ఒక నిరుపేద విద్యార్థికి నిలిచిన ఆ ధర్మము, పాతికేండ్ల పిమ్మట పదివేల మైళ్ళ అవతల పేరు తెలియని పిల్లల రక్తములో ఫలించినది. మెంఫిస్ ఆసుపత్రి తెరచిననాడు ఈ రక్తపు క్యాన్సరు వచ్చిన పిల్లలలో నూటికి నలుగురే బ్రతుకుచుండిరి. నేడు అట్టి ఆసుపత్రులలో తొంబదిమంది బ్రతుకుచున్నారు. ఆ తొంబదిమందిలో ఒకడు మన ఊరి బిడ్డ కావచ్చును.

చివరిగా కఠినమైన మాట యొకటి చెప్పక తప్పదు. అందరు బిడ్డలును నిలువరు. అన్నియు చేసినను ఒక్కొక్క దీపము ఆరిపోవును. అప్పుడు "మొక్కు తప్పినారు" అనువాడును, "అన్ని డబ్బులు వృథా" అనువాడును ఆ తల్లిని రెండవమారు చంపుచున్నారు. సేవ చేయుటలోనే ధర్మము పూర్తియైనది. బిడ్డ ప్రాణముతో దానిని తూచరాదు. పదమూడవనాటితో ఊరు తలుపు వేసికొనరాదు. మాసికములనాడు, ఆ బిడ్డ పుట్టిననాడు ఒకరైనను ఆ గడప త్రొక్కి, బిడ్డ పేరు చెప్పి మాటలాడవలెను. బ్రతికిన బిడ్డ ఇంటికి వచ్చినను, బ్రతుకని బిడ్డ జ్ఞాపకము ఇంటికి వచ్చినను, తలుపు దగ్గర ఎదురువచ్చు ఊరుండవలెను.

ప్రహ్లాదవరదుడు సమస్త శిశువులను రక్షించుగాక. వైద్యుల చేతికి నేర్పును, ఔషధములకు శక్తిని, తల్లిదండ్రుల మనస్సునకు స్థైర్యమును ప్రసాదించుగాక. మూడవ పాదమై నిలుచు బుద్ధిని మనకు ఇచ్చుగాక. శుభమస్తు.